అక్క పేరు మీద తాళం

మా బావ మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పడానికి సందు దొరక్కపోవచ్చు. గొంతు పెంచడు, ఒకరి జోలికి పోడు, కొడుక్కి లెక్కలు ఓపిగ్గా చెప్తాడు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు, కుళ్ళు. అదీ ఊళ్ళోవాళ్ళ మీద కాదు, కట్టుకున్న పెళ్ళాం మీద. ఆ పెళ్ళాం మా అక్క.

ఇంత అనగానే చాలామంది కనుబొమలెగరేస్తారు. అలాంటిదేం కాదు. అక్క ఎవరితో ఎంతసేపు నవ్వుతూ మాట్లాడినా బావకి పట్టదు. ఆమె చేసిన పన్ను బాగుందని ఎవరైనా అన్నారా, ఆ పూట ఆయనకి ముద్ద దిగదు.

పన్ను అంటే నిజంగా పన్నే. వాళ్ళిద్దరి పని కట్టుడు పళ్ళు చెయ్యడం. స్టేషనరీ షాపు పైన పొడుగాటి గది, కిటికీ వైపు రెండు బల్లలు, మూలన పళ్ళు కాల్చే ఫర్నేసు, నీళ్ళ తొట్టి పక్కన ప్లాస్టర్ బస్తా. గోడ పొడుగునా అరల్లో ఊళ్ళోవాళ్ళ దవడలన్నీ తెల్లగా నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని చూసి ఓ అడుగు వెనక్కేస్తారు. నేనక్కడ ఫోన్లు ఎత్తుతాను, బిల్లులు రాస్తాను, తయారైన పళ్ళని డబ్బాల్లో సర్ది డాక్టర్లకి చేరవేస్తాను.

చదువబ్బక బావ చిన్నతనంలోనే ఓ పళ్ళ మేస్త్రీ దగ్గర చేరాడు. ఇప్పుడు ఆయన్నే అందరూ పళ్ళ మేస్త్రీ అంటారు. మనిషి ఎదురైతే మొహం చూడడు, నోరు చూస్తాడు. అక్కని మొదటిసారి చూసినప్పుడు ఆమె కళ్ళెలా ఉన్నాయో ఆయనకి గుర్తులేదు. పై వరసలో ఎడమవైపు కోరపన్ను కాస్త పక్కకి తిరిగి ఉండడం మాత్రం బాగా గుర్తు.

పెళ్ళయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక అక్క ల్యాబుకొచ్చి ప్లాస్టర్ కలపడం మొదలుపెట్టింది. మిగతాదంతా బావే దగ్గరుండి నేర్పాడు. మైనం చెక్కడం, పింగాణీ పొడి తడిపి పొర మీద పొర వెయ్యడం, కాల్చడం, మెరుగుపెట్టడం. ఆయన మంచి గురువు, నేర్చుకునేవాళ్ళు తనకంటే ఓ మెట్టు కింద ఉన్నంతకాలం. అక్క ఆ మెట్టు దగ్గర ఆగలేదు. దవడ పళ్ళల్లో ఇప్పటికీ బావని మించినవాళ్ళు లేరు. ముందు పళ్ళ సంగతి వేరు. అవి నమలడానికి కాదు, నవ్వడానికి. పక్క పన్ను రంగు కుదరాలి, అంచు దగ్గరుండే పల్చటి నీలం ఛాయ కుదరాలి, ఆ మనిషికి పుట్టుకతో వచ్చిన చిన్న మచ్చ కూడా కుదరాలి. అవి అక్క చేతికి వచ్చినట్టు బావ చేతికి రావు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు.

అక్క ముందు పళ్ళు చేసేది, నేను డబ్బా మీద ల్యాబు పేరు అంటించి పంపేదాన్ని. ల్యాబు పేరంటే బావ పేరే. ఇలా చాలా ఏళ్ళు ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది, లేదా నేనలా అనుకున్నాను.

తంటా సర్టిఫికెట్లతో వచ్చింది.

మునుపు డాక్టర్లు నోటి అచ్చు తీసి డబ్బాలో పంపేవాళ్ళు. ఇప్పుడు చిన్న కెమెరా నోట్లో తిప్పి, ఆ బొమ్మంతా ఫైలుగా మెయిల్లో పంపేస్తున్నారు. దాంతోపాటు పేషెంటు ఫోటో, పేరు, ఉన్న రోగాలు అన్నీ వస్తాయి. ఎక్కడో ఏదో ల్యాబు నించి ఒకావిడ బోసినోటి ఫోటో బయటికి పొక్కి, ఫోన్లలో ఊరంతా తిరిగింది. పాపం ఆవిడ గడప దాటడం మానేసిందట. దాంతో డాక్టర్లందరూ కూడబలుక్కుని, ఇకమీద తాళం వెయ్యని ఫైలు పంపేది లేదు, పళ్ళు చేసే ప్రతివాళ్ళూ తమ పేరున డిజిటల్ సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే అన్నారు.

అవి ఇప్పించే ఏజెంటు వచ్చి మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"మీ సర్టిఫికెట్ అంటే తెరిచి ఉన్న తాళంకప్ప అనుకోండి. దాన్ని ఎంతమందికైనా పంచొచ్చు, భయం లేదు. డాక్టర్ గారు ఫైలుని దాంతో మూసి మీకు పంపుతారు. మధ్యలో ఎవరి చేతిలో పడినా ఉత్త చెత్తలా కనిపిస్తుంది. తాళంచెవి మాత్రం ఈ టోకెన్‌లో ఉంటుంది. ఇది మీ దగ్గరే ఉండాలి."

టోకెన్ చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లాగే ఉంది. కంప్యూటర్‌కి తగిలించి పిన్ నంబరు కొడితే ఫైలు తెరుచుకుంటుంది.

"ఒకే ఫైలుకి ఇద్దరి తాళాలూ వెయ్యొచ్చా?" అని బావ అడిగాడు.

"నిక్షేపంగా వెయ్యొచ్చు. అప్పుడు ఇద్దర్లో ఎవరైనా తెరవొచ్చు. ఎవరి తాళం వెయ్యలేదో వాళ్ళు మాత్రం ఎంత తలకిందులైనా తెరవలేరు. ఇంకోమాట. పిన్ వరసగా తప్పు కొడుతూ పోతే టోకెన్ బిగుసుకుపోతుంది. ఇక దాన్ని తెరిచేది నేనూ కాదు, కంపెనీవాళ్ళూ కాదు. కొత్తది తీసుకోవాల్సిందే."

ఇద్దరికీ చెరో మెయిలు అడ్రసు ఉంటే మంచిదని కూడా అన్నాడు. బావ నవ్వి, "ల్యాబు ఒకటే, మెయిలూ ఒకటే. మొగుడూ పెళ్ళాలకి వేరు కాపురం ఎందుకయ్యా" అన్నాడు. మేమందరం నవ్వాం.

తర్వాత మనిషి మనిషేనని చూసుకోవడానికి ఫోన్లో వీడియో తీశారు. తన పేరు, చేసే పని, ఇది తన ఇష్టంతోనే తీసుకుంటున్నానన్న మాట స్వయంగా చెప్పాలి. బావ గడ్డం గీసుకొచ్చి మరీ చెప్పాడు, అయినా మధ్యలో నసిగాడు. అక్క వంతు వచ్చింది. పేరు చెప్పింది. పని అనేసరికి క్షణం ఆగింది. పక్కనే ఉన్న బావ ఊరుకోలేక, "మా ఆవిడండీ, ల్యాబులో నాకు సాయంగా ఉంటుంది" అని అందించాడు. వీడియోలో పక్కవాళ్ళ గొంతు వినపడిందని కంపెనీ దాన్ని తిప్పికొట్టింది. అక్క మరో రోజు మెట్ల మీద ఒక్కతే కూర్చుని మళ్ళీ తీసుకుంది. ఆ గొడవలో బావ సర్టిఫికెట్ ముందొచ్చింది, అక్కది కొన్ని వారాల తర్వాత వచ్చింది.

ఆ కొన్ని వారాలూ బావ రాజ్యమే. ఫైళ్ళన్నీ ఆయన తాళంతోనే వచ్చేవి. పిన్ కొట్టి, కుర్చీ వెనక్కి వాలి, "ఇదుగో, నీ పన్ను వచ్చింది" అని అక్కకి చూపించేవాడు. అక్క సర్టిఫికెట్ రాగానే దాన్నీ డాక్టర్లకి పంపాం. మిగతా డాక్టర్లు ఇద్దరి తాళాలూ వెయ్యడం మొదలుపెట్టారు. పార్కు ఎదురుగా ఉండే డాక్టరమ్మ మాత్రం అక్క తాళం ఒక్కటే వేసి పంపింది. ముందు పళ్ళ పనిలో సగానికి సగం ఆ డాక్టరమ్మ దగ్గర్నించే వస్తుంది.

బావ తన టోకెన్ పెట్టి తెరవబోయాడు. తెర మీద ఒక వాక్యం వచ్చింది. ఆయన దాన్ని పైకి చదివాడు.

"ఈ ఫైలు తెరిచే అధికారం మీకు లేదు."

పొరపాటున అయ్యుంటుందన్నాను నేను. తర్వాతి ఫైలూ అంతే, ఆ తర్వాతదీ అంతే. బావ మొహం మాడిపోయింది.

"నా గది, నా బల్ల, నా ఫర్నేసు. అధికారం మాత్రం లేదట నాకు."

"డాక్టరమ్మకి ఫోన్ చేసి అడుగు బావా."

"ఏమని అడగను? నా పెళ్ళానికి ఇచ్చినంత మర్యాద నాకూ ఇవ్వండమ్మా అనా?"

ఆ రోజు నించి మా ల్యాబులో గాలి మారిపోయింది. డాక్టరమ్మ మెయిలు రాగానే, "మేడమ్ గారూ, తమరికి ఫైలొచ్చింది" అనేవాడు. అక్క తెరిచి చూస్తుంటే పనున్నా లేకపోయినా గ్రైండర్ ఆన్ చేసి గది దద్దరిల్లగొట్టేవాడు. అక్క చేసిన పన్నుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తిప్పి తిప్పి చూసి, వంక దొరక్క చివరికి డబ్బా మూత సరిగ్గా పడలేదని చెప్పి వెళ్ళిపోయాడు ఒకసారి. పైకి ఎంత నవ్వినా లోపల కుతకుతలాడిపోతున్నాడని ఆ గోడ మీది దవడలక్కూడా తెలుసు.

అక్క కూడా తక్కువ తినలేదు. అడిగితే ఫైలు చూపించేది. ఆయన అడగడు, ఈవిడ తనంతట తాను చూపించదు. పైగా ఫైలు తెరవగానే పని మొదలుపెట్టకుండా, తెర పైభాగాన్ని కాసేపు చూస్తూ కూర్చునేది. అక్కడ అంతసేపు చదవడానికేముంటుందో నాకు అర్థమయ్యేది కాదు. పేషెంటు వివరాలు చదువుతోంది కాబోలనుకునేదాన్ని. బావ ఇంకేదో అనుకునేవాడు. డాక్టరమ్మ ఆవిడకి మాత్రమే ఏవో మెళకువలు రాసి పంపుతోందని, తనని చూసి ఇద్దరూ లోపల నవ్వుకుంటున్నారని.

"బావా, పోటీకి ఇంకెవరూ దొరకలేదా నీకు?" అన్నానోసారి.

"పరాయివాడు గెలిస్తే తలుపేసుకుని ఇంట్లో పడుకోవచ్చు. ఇంట్లోవాళ్ళు గెలిస్తే ఎక్కడ పడుకోను?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, జాలేసింది.

ఒకరోజు నాకు జ్వరమొస్తే డబ్బా ఇవ్వడానికి తనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. "పోయినసారి పంపిన జత అద్భుతంగా ఉందండీ. పేషెంటే ఏది తన పన్నో పోల్చుకోలేకపోయింది" అందట ఆవిడ. అక్కని మెచ్చుకోడానికి తనని నిలబెట్టి మరీ చెప్పిందని, ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే గోడకి తిరిగి పడుకున్నాడు. అక్క లేపితే, తలనొప్పన్నాడు.

ఇలా నడుస్తుండగా బస్టాండు గొంతు పళ్ళు విరిగాయి.

మా ఊరి బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పే ఆవిడని అందరూ బస్టాండు గొంతు అంటారు. మొహం తెలియనివాళ్ళుంటారు గానీ ఆ గొంతు తెలియనివాళ్ళుండరు. ఆవిడ తడి మెట్ల మీద జారిపడి పై వరసలో ముందు పళ్ళు రెండూ పోగొట్టుకుంది. మాట్లాడితే మాటకంటే గాలి ముందొస్తోంది. పళ్ళు త్వరగా రాకపోతే మైకు దగ్గర వేరేవాళ్ళని కూర్చోబెడతారు. డాక్టరమ్మ నోటి బొమ్మ తీసి, ఎప్పటిలాగే అక్క తాళం వేసి పంపి, ఫోన్ చేసింది. పొద్దున్నే పంపాను, ఈ రోజే మొదలుపెట్టండి, ఆవిడ ఏడుపు చూడలేకపోతున్నాను అంది.

ఆ సమయానికి అక్క, కొడుకు బళ్ళో టీచర్లని కలవడానికి వెళ్ళింది. ఆవిడ ఏప్రాన్ మేకుకి వేలాడుతోంది, దాని జేబులో టోకెన్ ఉంది.

"ఫోన్ చేస్తే వచ్చేస్తుంది" అన్నాను.

"ఎందుకు? నా పెళ్ళాం పెట్టుకునే నంబరు నాకు తెలీదా?" అంటూ బావ టోకెన్ తీశాడు.

ఆయన కళ్ళల్లో బస్టాండు గొంతు కాదు ఉన్నది. ఇన్ని రోజులుగా తనని బయట నిలబెట్టిన ఆ తలుపు ఉంది. ముందు పెళ్ళిరోజు కొట్టాడు. తప్పన్నది. నవ్వుకుంటూ తన పుట్టినరోజు కొట్టాడు. తప్పే. నవ్వు పోయింది. తన ఫోన్ నంబరు చివరి అంకెలు, ల్యాబు తెరిచిన సంవత్సరం, ఒకదాని తర్వాత ఒకటి. ఇంకొక్కసారే అవకాశం ఉందని తెర మీద ఎర్రగా వచ్చింది.

"వద్దు బావా, ఆగు."

"కొడుకు పుట్టినరోజు. ఇదే. ఇంకేముంటుంది?"

అదీ కాదు. టోకెన్ బిగుసుకుపోయింది.

ఆయన దాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టాడు, మొహం వాడిపోయింది. బిగుసుకుపోయినందుకు కాదు ఆ మొహం. ఆ నంబర్లలో ఒక్కదాని మీదా పెళ్ళాం తాళం వేసుకోనందుకు. టోకెన్ మీద కుళ్ళుకునే మనిషిని నేనదే మొదటిసారి చూడడం.

చేసేది లేక నేనే డాక్టరమ్మకి ఫోన్ కలిపాను. బావ చేతులకి ప్లాస్టరంటి ఉంది, అందుకని స్పీకర్‌లో పెట్టాను. టోకెన్ పాడైందండీ, ఆ ఫైలే నా సర్టిఫికెట్‌తో మూసి మళ్ళీ పంపగలరా అన్నాడాయన, పాడు చేసిందెవరో చెప్పకుండా.

"మీ సర్టిఫికెట్టా? ఒక్క నిమిషం. మీ మెయిలు కొడితే ఇక్కడ ఒక్కటే కనిపిస్తోందండీ, ఎవరో ఆడవాళ్ళ పేరు. ఆఁ, గుర్తొచ్చింది. రెండోది వచ్చినప్పుడు, ఈ మెయిలుకి పాతది ఉంది, దాని బదులు కొత్తది పెట్టనా అని కంప్యూటర్ అడిగింది. సరే అని నొక్కేశాను. రెండూ ఒకే మెయిలు కదా."

డాక్టరమ్మ అక్కని ఎంచుకున్నదీ లేదు, బావని అవమానించిందీ లేదు. ఒకే మెయిలు చాలని పట్టుబట్టింది బావే. వీడియోలో అడ్డంపడి అక్క సర్టిఫికెట్ వెనక వచ్చేట్టు చేసిందీ తనే. వెనక వచ్చింది కాబట్టే అది ఈయనదాన్ని నెట్టేసింది.

డాక్టరమ్మ ఆగలేదు. "ఆవిడెవరో ఆఫీసు పని చూసుకుంటారేమో అనుకున్నాను. ఎవరు తెరిస్తేనేం, పళ్ళు చేసేది మీరేగా. ముందు పళ్ళల్లో మీ చెయ్యి గొప్పదండీ. ఆ రోజు మీ మొహం మీదే చెప్పాను కూడా, మీరేమో సిగ్గుపడి వెళ్ళిపోయారు."

నేను బావ మొహం చూశాను. ఇన్నాళ్ళ మంటా ఒక్కసారిగా ఆరిపోయి, ఆయన మొహం పసిపిల్లాడి మొహంలా విప్పారింది. పాపం, ఆపుకోలేకపోయాడు. "థాంక్సండీ" అన్నాడు.

అప్పుడు తల తిప్పితే గుమ్మంలో అక్క ఉంది. భుజాన సంచీ అలాగే ఉంది. ఎంతసేపట్నించి నిలబడిందో తెలీదు, వినాల్సింది మాత్రం వింది.

డాక్టరమ్మ బావ సర్టిఫికెట్ మళ్ళీ తెప్పించుకుని, ఫైలు మూసి పంపింది. బావ పిన్ కొట్టాడు. తెరుచుకుంది. తెర పైభాగంలో, ఈ ఫైలు ఫలానావారి కోసం మూయబడింది అని, ఆయన పూర్తి పేరు ఉంది. అక్క రోజూ అంతసేపు ఏం చదువుకునేదో నాకప్పుడు తెలిసింది.

అక్క ఏప్రాన్ కట్టుకుంది. జేబు తడుముకుంది. బల్ల మీదున్న టోకెన్‌ని చూసింది.

"బిగుసుకుపోయింది" అన్నాడు బావ.

"ఏమేం కొట్టారు?"

చెప్పాడు. వరసగా అన్నీ చెప్పాడు.

"అన్నీ మీవే" అంది అక్క.

"మరి నీదేంటి?"

"ఇక దాంతో పనేముంది లెండి. కూర్చుని చెయ్యండి. ముందు పళ్ళల్లో మీ చెయ్యి గొప్పదట కదా."

అని, ఆయన సగంలో వదిలేసిన దవడ పన్ను అచ్చు ముందేసుకుని గీకడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది నాకు. కాసేపటికి తలెత్తకుండానే అంది.

"మీకు నాలుగు ఫైళ్ళు నా పేరున వచ్చేసరికే అన్నం సయించలేదు. నేను ఇన్నేళ్ళుగా తింటూనే ఉన్నాను. నేను చేసిన ప్రతి పన్నూ మీ పేరు అంటించుకుని మెట్లు దిగి వెళ్ళేది. నాకు కుళ్ళు లేదనుకున్నారా? మీకన్నా ఎక్కువే ఉంది. నేర్పినవాడి మీద కుళ్ళుకుంటే తప్పని నోరు మూసుకున్నాను. ఈ సర్టిఫికెట్ వచ్చాక, ఎవరో ఒకరు నన్ను చూసి, నా పేరు రాసి పంపుతున్నారనుకున్నాను. అదీ కంప్యూటర్ అడిగితే సరే అని నొక్కిందట ఆవిడ."

బావ పింగాణీ పొడి తడిపాడు. బస్టాండు గొంతు ఫోటో చూస్తూ రంగు పోల్చుకునే నమూనా పళ్ళ వరస తీసి ఒక్కోటీ తెర పక్కన పెట్టి చూశాడు. కుంచె ముంచాడు, తీశాడు, మళ్ళీ ముంచాడు. తడిపిన పొడి ఆరిపోయింది. మళ్ళీ తడిపాడు. పిన్ కొట్టి తలుపైతే తెరవగలిగాడు, లోపలికెళ్ళి ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు. చేస్తే చెయ్యగలడు, పన్నులాంటి పన్నే వస్తుంది. అక్క చేతి పన్ను రాదు. అది గొప్పదన్న డాక్టరమ్మకి తేడా తెలిసిపోతుందన్న భయమో, అక్క గీకుతున్న చప్పుడో, కుంచె కింద పెట్టేశాడు.

"ఫోన్ కలుపు" అన్నాడు నాతో.

"డాక్టర్ గారూ, ఇందాక ఒకమాట చెప్పలేదు. ముందు పళ్ళు నేను చెయ్యను. మా ఆవిడ చేస్తుంది. మీకు వచ్చినవన్నీ, మొదట్నించీ, ఆవిడవే."



"మరి ఎప్పుడూ చెప్పలేదేమండీ?" అంది డాక్టరమ్మ.

"మీరడగలేదు." అని ఆగాడు. "అది కాదు లెండి. నాకు చెప్పబుద్ధి కాలేదు."

అక్క చేతిలో గీకుడు ఆగింది. బావ లేచి కుర్చీ ఆమె వైపు లాగాడు. ఆవిడ వెంటనే లేవలేదు. చేతిలో అచ్చు పూర్తిగా గీకి, ఊది, పక్కన పెట్టి, అప్పుడొచ్చి కూర్చుంది. ఆ కాస్సేపూ బావని నిలబెట్టాలనే నిలబెట్టిందని నాకు తెలుసు. నేనైతే ఇంకాసేపు నిలబెట్టేదాన్ని.

ఆ వారంలోనే అక్క తన పేరున మెయిలు తెరిచింది. ఏజెంటు కొత్త టోకెన్ తెచ్చాడు. మళ్ళీ వీడియో. బావని గదిలో ఉండొద్దన్నాడు ఏజెంటు, పోయినసారి అనుభవం మర్చిపోలేదతను. బావ మెట్ల మీదకి వెళ్ళి నిలబడ్డాడు. నేను ఫోన్ పట్టుకున్నాను. అక్క పేరు చెప్పింది. తర్వాత, "పళ్ళు చేస్తాను" అంది. ఆగి, "ముందు పళ్ళు" అంది. ఇది నా ఇష్టంతోనే తీసుకుంటున్నానన్న మాట ఎక్కడా తడబడకుండా చెప్పింది.

"రెండోసారి తీసుకున్నప్పుడు ఏం చెప్పావే, మెట్ల మీద ఒక్కదానివీ?" అని తర్వాత అడిగాను.

"సాయంగా ఉంటానని. ఆయన చెప్పిన మాటే."

బావ లోపలికొచ్చి నన్ను పక్కకి పిలిచాడు. ఏదో మంచిమాట చెప్తాడనుకున్నాను.

"నా వీడియోలో నేను నసిగాను కదూ? అది బాగా చెప్పింది కదూ?"

"చాలా బాగా చెప్పింది బావా."

"ఊఁ" అన్నాడు. ఆ పూట అన్నం సగమే తిన్నాడు.

బస్టాండు గొంతు మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళింది. తర్వాత ఓ సాయంత్రం ఫర్నేసు సామాను తెచ్చుకోవడానికి బావా నేనూ బస్సు కోసం నిలబడ్డాం. జనం కిక్కిరిసి ఉన్నారు. మైకులో ఆవిడ ఏ సర్వీసు ఎక్కడ ఆగుతుందో చెప్తోంది, ఒక్క అక్షరం దగ్గర కూడా గాలి పోకుండా. బావ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. పక్కన సూట్‌కేసు మీద కూర్చున్న ముసలాయన ఎవరో, ఈయనకి ఆయనతో ముందూ వెనకా పరిచయం లేదు.

"ఆ మైకులో మాట్లాడే ఆవిడ ముందు పళ్ళు మా ఆవిడ చేసింది" అన్నాడు బావ ఆయనతో.

"ఓహో. మంచి పనిమంతురాలు" అన్నాడు ముసలాయన.

బావ దవడ బిగుసుకుంది. బస్సు వచ్చింది, జనం కదిలారు, మేమూ కదిలాం. నాలుగడుగులు వేసి, నన్నక్కడే వదిలేసి, జనాన్ని తోసుకుంటూ వెనక్కి వెళ్ళాడు. ఆ ముసలాయన మీదికి వంగి ఒక మాట చెప్పి, ఊపిరి పీల్చుకుంటూ వచ్చి నా పక్కన ఎక్కాడు.

"ఏం చెప్పావు బావా?"

"నేర్పింది నేనేనని."